ఐసు మిషనుకి గౌను

తయాబాస్, ఏప్రిల్ 20

మనీలాలోని ఐసు మిషన్ల కంపెనీ పెద్దలకు పసీతా మొర:

అయ్యలారా, మీ దగ్గర కొన్న ఇంటి మిషను రెండు నెలలైనా కాకముందే చల్లబడటం మానేసింది. గుర్రుమంటుంది, గడ్డ మాత్రం కట్టదు. మే పదిహేను సాన్ ఇసిద్రో పండుగ. చర్చి గుమ్మం ముందు పదకొండేళ్లుగా హాలోహాలో అమ్మేది నేనే. ఐసు తురుము లేకపోతే అది పాలలో నానిన చిక్కుడు గింజలే కదా! ఆ చోటు కోసం మా వదిన కునెగుండా కాచుక్కూర్చుంది.

ఇట్లు,
పసీతా

తా.క.: నీళ్లలో వేలు పెట్టి చూశాను. కాఫీకి పనికొస్తాయి.

మనీలా, ఏప్రిల్ 24

గౌరవనీయులైన పసీతా గారికి,

ప్లగ్గు పెట్టారా? నీళ్లు పోశారా? మిషనుకి నాలుగు వైపులా గాలి ఆడాలి. ఒకరోజు ఆపి, విశ్రాంతినిచ్చి చూడండి.

భవదీయుడు,
డెల్ఫిన్ ఉమాలి, ఫిర్యాదుల విభాగం

తా.క.: ముందు ప్లగ్గు చూడండి.

తయాబాస్, ఏప్రిల్ 28

బాబూ డెల్ఫిన్,

ప్లగ్గంటే ఏమిటో నాకు తెలుసు నాయనా. గాలి అన్నావని ఉన్న ఒక్క ఫ్యానూ దానివైపే తిప్పాం. మా ఆయన అట్టముక్కతో విసురుకుంటున్నాడు. ఆదివారం మిషనుకి సెలవిచ్చాను. సోమవారం కూడా పని చెయ్యలేదు, అచ్చం మా ఆయనలాగే. ఫాదర్ గారు కూడా వచ్చి పవిత్ర జలం చల్లి వెళ్లారు.

దిగులుతో,
పసీతా

తా.క.: ఆ జలం పైన చల్లితే చాలా, లోపల కూడా పోయాలా?

మనీలా, మే 2

పసీతా గారికి,

పవిత్ర జలం సంగతి మా పుస్తకంలో లేదు. మిషను వెనక కంతల్లో దుమ్ము పేరుకుందేమో చూడండి. ఫొటో పంపండి.

భవదీయుడు,
డెల్ఫిన్

తా.క.: ఫాదర్ గారిది కాదు, మిషనుది.

తయాబాస్, మే 6

ఏమయ్యా డెల్ఫిన్,

దుమ్మా? నా ఇంట్లోనా? మీ ఫ్యాక్టరీ ప్లాస్టిక్ కాగితం ఇప్పటికీ చింపలేదు. దానిమీద దూది పెట్టి, లేసు అల్లి, నేనే గౌను కుట్టి తొడిగాను. నాలుగు వైపులా రిబ్బన్లతో ముడి. దుమ్ము కాదు కదా, చీమ కూడా దూరదు. దాన్ని చూసి ముచ్చటపడి ఊళ్లో అందరూ అడిగితే, వాళ్ల మిషన్లకీ కుట్టిచ్చాను. ఇదా మీరిచ్చే మర్యాద?

మనసు నొచ్చుకున్న
పసీతా

తా.క.: ఫొటోలో పక్కనున్నది నేను. మంచి గౌను తొడుక్కున్నది మిషను.

మనీలా, మే 9

అమ్మా,

గౌను విప్పండి! ప్లాస్టిక్ చింపండి! లోపలి వేడి బయటికి పోయే దారే లేదు. ఈ ఎండల్లో మీకు దుప్పటి చుట్టి, రిబ్బను కడితే ఎలా ఉంటుంది? మీ ఊరి నుంచి నిన్న ఒక్కరోజే నాలుగు ఫిర్యాదులొచ్చాయి. పద్నాలుగున మా మెకానిక్ వచ్చి అందరివీ చూస్తాడు.

మీ
డెల్ఫిన్

తా.క.: కుట్టుమిషను కూడా కొన్నాళ్లు ఆపండి.

తయాబాస్, మే 11

బంగారు తండ్రీ డెల్ఫిన్,

విప్పాను. ఒక్క పూటలో గడ్డలు టపటపా రాలాయి. నీ కడుపు చల్లగా ఉండాలి!

మెకానిక్‌ని మాత్రం పద్నాలుగున పంపకు నాయనా. పాపం, పండుగ రద్దీలో బస్సు దొరకదు. పదహారున నేనే ఇల్లిల్లూ తిరిగి అందరి గౌన్లూ విప్పుతాను. ఫాదర్ గారి మిషనుది ఈ రోజే విప్పేశాను, దేవుడితో మనకెందుకు గొడవ. కునెగుండా వదినది కాస్త మందం గుడ్డ. రెండు వరసల లేసు కూడా వేశాను.

ఆశీస్సులతో,
పసీతా

తా.క.: వదిన నిన్ననే నీకు ఉత్తరం వేసింది. జవాబు పదహారుకి అందితే చాలు. ఆవిడకేం తొందర లేదు.