హారం సున్నా అయిన రోజు

ప్రియమైన అక్కకు,

ఈ పొద్దున బడిలో సుద్దముక్కల పెట్టె తెరిస్తే ముక్కలన్నీ ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. పులికాట్ గాలిలో అంత తేమ. నువ్వు, నాయన, అవ్వ కులాసాగా ఉన్నారా? అవ్వ మోకాలి నొప్పి తగ్గిందా? పలమనేరులో ఇంకా చలిగానే ఉందా? నేను బాగానే ఉన్నాను. ఇంటి ఓనరమ్మ రొయ్యల పులుసు పంపిస్తుంది, తింటున్నాను. సంగటి మాత్రం దొరకదు. ఎవరైనా ఇటు వస్తే రాగిపిండి పంపు.

ఆదివారాలు మాట్లాడేవాళ్లు లేక సరస్సు ఒడ్డున కూర్చుని చదువుకుంటాను. పేజీ తిప్పడం మరిచిపోతాను. పాకలో నువ్వు ఆవులను పేరుపెట్టి పిలిచే గొంతు వినిపిస్తుంది.

నెల రోజులు నా పాఠాలు చూసి, ఉద్యోగంలో ఉంచుకునేదీ లేనిదీ చెబుతామన్నారు కదా బడివాళ్లు. వద్దంటే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను. అప్పుడు ఇంటికొచ్చినా, నా అంతట నేనే వచ్చేశానని ఎవరూ అనరు.

ఈ వారం బడిలో జరిగింది ఫోనులో చెప్పలేక రాస్తున్నాను. బుధవారం తొమ్మిదో తరగతికి ఈ లెక్క చెప్పాను: x/(x − 3) = 2 + 3/(x − 3). రెండు వైపులా x − 3తో గుణించి హారాలు తొలగిస్తే x = 2(x − 3) + 3. జవాబు మూడు. పిల్లలు రాసుకున్నారు. సాయంత్రం నోటుపుస్తకాలు దిద్దుతూ మూడును మొదటి సమీకరణంలో పెట్టి చూశాను. హారం సున్నా. నువ్వు నేర్పేటప్పుడు, హారాలను ముట్టుకోకముందే పక్కన 'x మూడు కారాదు' అని రాయించేదానివి. తొందరపడితే "ముందు అది రాయవే" అని జడ లాగేదానివి. ఇక్కడ జడ లాగేవాళ్లు లేరు.

మర్నాడు నన్ను పరీక్షించడానికి హెడ్‌మాస్టరు గారు వెనక బల్లపై కూర్చున్నారు. పాఠం మొదలుపెట్టకుండా, నిన్నటి జవాబు తప్పని చెప్పాను.

కావేరి అనే పిల్ల లేచింది. "నిన్న మీరే గదా టీచర్ మూడని చెప్పింది? ఇప్పుడు కాదంటే ఎట్టా?"

"సున్నాతో భాగించలేం కావేరీ. ఆ మూడు పనికిరాదు. దీనికి సాధన లేదు."

"అయితే వల లాగినా ఏం పడలేదన్నమాట!"

"పడింది. తినే చేప కాదు, వదిలెయ్యాలి," అన్నాను. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

గంట కొట్టాక సార్ వరండాలో ఆపారు. "ఏం తల్లీ, ఎవురూ పట్టుకోలేదు గదా. నా ముందరే చెప్పుకోవాల్నా?"

"పిల్లలు పుస్తకాల్లో రాసుకున్నారు సార్," అన్నాను.

నాయనకు, అవ్వకు నా నమస్కారాలు. నన్ను తలచుకుని దీవించు. దిగులుపడకు, నేను బాగానే ఉన్నాను.

నీ చెల్లెలు,
రేవతి

తా.క. సార్ ఆ వరండాలోనే నన్ను ఈ బడిలో ఉండిపొమ్మన్నారు. నేను సరే అన్నాను.