గింజలు తీసిన చారు

నారాయణఖేడ్, జూలై 14. పొద్దున్నుంచి ముసురు. బట్టలుతికి ఇంట్లోనే ఆరేశాను.

దాక్షాయణీ, నువ్వు ఫోన్ ఎత్తడం లేదు, అందుకే ఈ కార్డు. మన శృతికి కుట్లు విప్పారు, భయం లేదు. పేగు ఆపరేషన్ కనుక తొక్కలు, గింజలు పెట్టొద్దన్నారు. నిన్న టమాట చారు అడిగింది. టమాటలు వేడినీళ్లలో వేసి తొక్క తీశాను. గింజ ఒక్కటీ మిగలకూడదని కోసి నల్లా కింద కడిగాను. పులుపంతా మోరీలో పోయింది.

"గిదేం చారప్పా, ఉత్త ఉప్పు నీళ్లు! అమ్మ గిట్లనే చేస్తదా?" అంది శృతి.

మా వదిన సంగమ్మ గడపలో నిలబడి, "మీ అమ్మ పట్నంల సేటు పిల్లగానికి వండిపెట్టవట్టె, నీకెక్కడ చేస్తది బిడ్డా" అని నవ్వింది.

ఆపరేషన్ నాడు సేటమ్మ సెలవివ్వలేదన్నావు, నమ్మాను. అదే రోజు ఆ పిల్లవాడి పుట్టినరోజు ఫోటో స్టేటస్‌లో పెట్టావు. కేకు పక్కన నవ్వుతున్నావు. శృతి కూడా చూసింది.

గింజలు తీసినా పులుపు పోకుండా ఎలా చేయాలో రాయి. నీ గొడుగు ఇక్కడే ఉంది. పంపాలా, వాళ్లే కొనిచ్చారా?

ఆ బాబుకు నా దీవెనలు చెప్పు. శృతికి నీ దీవెనలు, నువ్వు పంపకపోయినా, రోజూ నేనే చెబుతున్నాను.

ప్రభులింగ్