యెజ్డీ ఇంజన్ విప్పేముందు

జయంతి వదినకు,

ఆ రోజు పొద్దున అన్న యెజ్డీ బండిలో నేను పెట్రోలు పోసినప్పుడు ఆయిల్ కలిపినానా, లేదా? తొమ్మిదేళ్లుగా నన్ను నేనే అడుగుతున్నాను.

“సూడు పాపా, ఇది టూ-స్ట్రోక్ బండి. పెట్రోలులో ఆయిల్ కలపడం మరిసినావంటే ఇంజన్ పట్టేస్తాది, పోతా పోతా ఎనక సక్రం బిగుసుకుంటాది” అని అన్న ఎన్నోసార్లు చెప్పినాడు. ఎమ్మే చదివినదానికి ఆయిల్ కొలత రాదా అని ఎగతాళి చేసేవాడు. ఆ పొద్దున పెట్రోలు పోయడం గుర్తుంది. ఆయిల్ డబ్బా చేత్తో పట్టుకున్నట్టు మాత్రం గుర్తు లేదు.

ఆ రోజే పాకాల దారిలో అన్న బండి మీంచి పడి ప్రాణం పోయినాక, అంత వేగమెందుకని అందరూ అన్ననే తప్పుపట్టినారు. “నా మాట ఎప్పుడు విన్నాడా మనిషి” అని నువ్వూ ఏడ్చినావు. పక్కనే కూర్చున్న నేను ఆయిల్ మాట ఎత్తలేదు.

ఆ బండి శబ్దం మీద మోజుతో దాన్ని కొంటానని తిరుపతి ఆయనెవరో మూడుసార్లు వచ్చినాడనీ, కొనేముందు ఆదివారం మెకానిక్‌తో ఇంజన్ విప్పిస్తాడనీ రాసినావు. లోపల ఆయిల్ లేక పిస్టన్ గీసుకుపోయి ఉంటే అన్న తప్పేమీ లేదని నీకు తెలుస్తుంది, నా తప్పూ తెలుస్తుంది. బాగుంటే నాకు నిద్ర పడుతుంది, అన్న మీద నింద అట్లే ఉండిపోతుంది.

విప్పించమని చెప్పాలో, వద్దనాలో నాకింకా తేలడం లేదు వదినా.