నా పేరున పడే ఓటు

తమ్ముడు మల్లికి కువైట్ నుంచి అక్క లచ్చిందేవి దీవెనలు. నేనీడ బాగుండా, నా గురించి దిగులు పెట్టుకోవద్దండి. అమ్మకు మోకాళ్ళ నొప్పులు తగ్గినాయా? మొన్న ఈనిన గొర్రె, పిల్ల బాగుండాయా?

ఈడ ఎండలు అప్పుడే శానా ముదిరినాయి. నేను పనిజేసే ఇంటి మేడమ్ మంచిదే, పిల్లోళ్ళు నన్ను ఇడ్సిపెట్టరు. తిండికి లోటు లే, సంగటి మీదికే పానం గుంజుతాంటాది. నాకేం కష్టం లేదులే.

ఇంగ అసలు సంగతి. ఓట్లరోజు బూతులో ఏజెంటుగా కూచుంటానని ఫోన్లో చెప్పినావు సూడు, ఆ పొద్దు నుంచి నాకు ముద్ద దిగడం లే. మళ్ళా ఫోన్ చేస్తే అమ్మ పక్కనుండి ఇంటాది. అందుకే ఊరికొస్తాండే జమ్మలమడుగు ఆమె చేతికి ఈ కాయితమిచ్చి పంపిస్తాండా. అమ్మకు చదివి ఇనిపియ్యొద్దు.

"నీ ఓటు ప్రతిసారీ ఎవురో ఏసి పోతాండారక్కా, ఈసారి నీ పేరు చెప్పుకోని ఎవుర్తి వచ్చినా లేసి అడ్డం పడతా" అంటివి. రేయ్, నీకేమన్నా పిచ్చి పట్టిందా? ఊర్లో లేనోళ్ళ ఓట్లన్నీ పెద్దింటోళ్ళే ఏయించుకుంటారని నీకు తెలీదా? అట్ల లేసి అడిగినందుకే గదా మన మామను బూతులోంచి ఈడ్సుకోనొచ్చి కొట్టింది! ఈపొద్దుకూ ఆయప్ప కుడిచేత్తో అన్నం కలుపుకోలేడు, అత్తే తినిపిస్తాంది. ఆ చెయ్యే నాకు కండ్లల్లో మెదులుతాంది. భయమైతాంది నాయనా.

ఓట్లేసి మనమేం బాగుపడినాం? ఎవురు గెలిచినా మన వీధికి నీళ్ళు ట్యాంకరుతోనే గదా వస్తాండేది. నా ఓటు వాళ్ళే ఏసుకోనీ, పీడా పోతాది. నాకు ఓటొద్దు, నువ్వు కావల్ల.

నువ్వు మొండోడివి, మానుకోమంటే మానుకోవు. కూచుంటానని ఎదురు పార్టీవాళ్ళకు మాటిచ్చినా అంటావు. సరే, కూచో. ఒక్కటి మాత్రం ఇను. ఆడ ఆఫీసరు నా పేరు గట్టిగా చదువుతాడు. ఎవుర్తో కొంగు కప్పుకోని వచ్చి నిలబడతాది. అప్పుడు పెద్దింటోళ్ళ మనుషులందరూ నీ మొగమే చూస్తాంటారు. కోపం మింగుకో. అడిగితే, "అవును, మా అక్కే" అని చెప్పు. ఇట్ల రాసేదానికి నాకే సిగ్గయితాంది. అయినా చెప్పు.

అమ్మ కాళ్ళకు మొక్కినానని చెప్పు. మామకు, అత్తకు దండాలు. గండి ఆంజనేయసామికి నీ పేరున మొక్కుకోనుండా. ఆ పొద్దు ఇంటికి చేరినాక ఒక్క మిస్డ్ కాల్ ఇయ్యి, చాలు.

ఇట్లు,
నీ సొంత అక్క
లచ్చిందేవి