రేవు మెట్ల మీద ఇంటూ గుర్తు

ఖాజాగూడ,
14-10-1974

మా అక్కయ్య సుబ్బలక్ష్మికి,

ఉత్తరం ఇంత లావుగా ఉందేమిటని కంగారుపడకు. ఒంట్లో బాగానే ఉంది, ఉద్యోగమూ ఊడలేదు. ఒక అబద్ధం ఆడాను, అంతే. అది నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. పొద్దుటినుంచి ఈ ఉత్తరం మూడుసార్లు మొదలెట్టి చింపేశాను.

మా సర్వేవాళ్లం నెల రోజులుగా గచ్చిబౌలికీ ఖాజాగూడకీ మధ్య గుట్టల్లో కొలత గొలుసు లాగుతున్నాం. హద్దురాళ్లు చెక్కడానికి ఈ ఊళ్లో మొగిలి అనే ముసలాయన్ని పెట్టుకున్నాం. డెబ్బై ఏళ్లుంటాయి. రాతిదుమ్ము పీల్చి పీల్చి నాలుగు మాటలకోసారి దగ్గుతాడు గానీ ఉలి పట్టుకుంటే చెయ్యి వణకదు. నిన్న నా మాట తీరు విని దగ్గరికొచ్చాడు.

"సారూ, మీది రాజమండ్రి అంటున్రు. ఆడ లాంచీల ఆఫీసుల గుమస్తా పట్టాభిరామయ్య ఎర్కనా?" అన్నాడు. కోస్తావాళ్లు ఎవరొచ్చినా ఇదే అడుగుతాడట! "ఆయన మా నాన్నగారు" అన్నాను. ముసలాయన నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. "ఎట్లున్నడు? మంచిగున్నడా?"

"బాగున్నారు" అన్నాను అక్కయ్యా. పోయి ఇరవయ్యొక్క ఏళ్లైన మనిషిని బాగున్నారన్నాను! ఆ మొహం చూసి ఇంకో మాట అనలేకపోయాను.

అక్కడితో ఆగిందా? నన్ను ఇంటికి లాక్కెళ్లాడు. వాళ్లావిడ నీలమ్మ అటక మీదినుంచి రేకుపెట్టె దించింది. దాన్నిండా బొమ్మ కార్డులు, మన రాజమండ్రివి! వయసులో ఉండగా మొగిలి రాళ్లపని ముఠాతో వచ్చి మన పేట రేవుకి మెట్లు కట్టాడట. అప్పుడే నాన్నకి స్నేహితుడయ్యాడు. తిరిగి వచ్చేశాక నాన్న ఆయనకి ఏడాదికి ఒకటో రెండో కార్డులు పంపేవారు. మొగిలికి చదువు రాదు, అందుకని వెనక చిరునామా తప్ప ఒక్క అక్షరం ఉండదు. చెప్పదలుచుకున్నదంతా బొమ్మ మీదే సిరాతో గుర్తులు పెట్టేవారు. రేవు బొమ్మ మీద అడ్డగీత ఉంటే ఆ ఏడు నీళ్లు అంతదాకా వచ్చాయని. లాంచీ పొగగొట్టం మీద సున్నా చుడితే ఆ లాంచీ పాతబడి తీసేశారని. ఇప్పుడు సోడా కొట్టున్న చోట ఒకప్పుడు వెదురు తెప్పలు కట్టేవారని నీకు తెలుసా? నాకు తెలియదు. మన ఊరి సంగతులు నాకు ఖాజాగూడలో ఒక రాళ్లపనాయన చెప్పాల్సి వచ్చింది. ఒక కార్డులో మన వీధి దగ్గర రెండు చుక్కలున్నాయి. "ఈ పెద్దసుక్క మీ అక్క. ఈ సిన్నసుక్క నువ్వు" అన్నాడు. నాకు దుఃఖం ఆగలేదు.

ఆఖరి కార్డు యాభైమూడు వరదలప్పటిది. మెట్ల మీద పెద్ద ఇంటూ గుర్తు ఉంది. అది చూపించేటప్పుడు ఆయన తల దించుకున్నాడు.

"మా పనిల రాయి మీద ఇంటూ గీస్తే ఆ రాయి చెడ్డదన్నట్టు సారూ, అవతల పారేస్తరు. నేను కట్టిన మెట్లు గోదారి కొట్కపోయింది. సున్నం తక్కువ కలుపుతున్రు, మేస్త్రీకి చెప్పు అని మీ నాయన అప్పుడే అన్నడు. నేను భయపడి చెప్పలే. గందుకే కోపం. ఇగ మల్ల కార్డే రాలే."

"మెట్లు ఉన్నాయి తాతా" అన్నాను. "మల్ల కట్టి ఉంటరు" అన్నాడు. అవునో కాదో నాకేం తెలుసు? అప్పటికి నాకు ఏడేళ్లు. కార్డులు ఎందుకు ఆగిపోయాయో తెలిసుండీ నోరు మూసుకుని, నీలమ్మ పోసిన చాయ్ తాగి వచ్చాను.

నీ తమ్ముడు,
రామ్మోహన్


ఖాజాగూడ,
2-11-1974

అక్కయ్యా,

నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. నేనేమో ఇక్కడ పరుగులు పెడుతున్నాను. కొలతలు తప్పు రాసి ఇప్పటికి రెండుసార్లు చీవాట్లు తిన్నాను.

మొగిలి రాజమండ్రి బయల్దేరుతున్నాడు! దీపావళి మర్నాడు బండెక్కుతాడట. నాన్న కాళ్లు పట్టుకుని క్షమించమని అడుగుతాడట. "ఈ దగ్గు నన్ను ఇంకెన్నొద్దులు ఉండనిస్తది సారూ? ఆయన కోపం నెత్తిన పెట్టుకొని పోతనా?" అన్నాడు. చెప్పేద్దామని మూడుసార్లు వాళ్లింటికి వెళ్లాను. ఒకసారి గుమ్మందాకా వెళ్లి, హద్దురాయి గురించి ఏదో అడిగి వచ్చేశాను. ఎంత పిరికివాణ్ణో చూడు. నిన్న నీలమ్మ నన్ను చాటుకి పిలిచి, "జర మీ నాయనకు రాయున్రి. ఇన్నేండ్ల కోపం మంచిగ కాదని చెప్పున్రి. ఈయన పరేషాన్ చూడలేకపోతున్న" అంది. నేను తలూపాను. సిగ్గులేకుండా తలూపాను!

అమ్మ కూడా లేదు కదా, నిన్ను కాక ఎవర్ని అడగను? ఒక దారి తోచింది, తిట్టకు. బజార్లో మన రేవు బొమ్మ కార్డు ఒకటి కొను. నాన్నలాగే సిరాతో మెట్ల మీద మంచి గుర్తు ఏదైనా పెట్టి, నాన్న పంపినట్టే మొగిలికి పోస్టు చెయ్యి. నీ చేతిరాత అచ్చం నాన్నదే. నాన్న కోపం పోయిందని మొగిలి తృప్తిపడతాడు, ప్రయాణం మానేస్తాడు. ఆయన ఉన్నన్నాళ్లూ నాన్న కూడా ఉంటారు. దీపావళిలోపు అందాలి, ఆలస్యం చెయ్యకు.

నీ
రామ్మోహన్


రాజమండ్రి,
7-11-1974

ఒరేయ్ తమ్ముడూ,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిదానికి జవాబు రాయనిది తీరిక లేక కాదు, ధైర్యం లేక.

నువ్వు అడిగిన దొంగ కార్డు నేను వెయ్యను. ఒకసారి వేశాను, చాలు.

వరద తీసిన మూడో రోజు నాన్న మోకాలిలోతు బురదలో రేవు చూసొచ్చి, జ్వరంతో పడుకున్నారు. ఎంత సంతోషమో ఆయనకి! "మొగిలి పెట్టిన రాయి ఒక్కటీ కదల్లేదే అమ్మా" అని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పారు. చెయ్యి వణుకుతోందని కార్డు నాకిచ్చి, నీళ్లు ఆగిన మెట్టు మీద గీత గియ్యమన్నారు. నాకు పద్నాలుగేళ్లు. బళ్లో పటాల మీద చోటు చూపించడానికి ఇంటూ పెట్టడం నేర్చుకున్న గొప్ప కదా, ఇంటూ పెట్టాను. నాన్న చూసి, "అయ్యో, ఇది వద్దమ్మా. రాళ్లపనివాళ్లకి ఇది తిట్టు కింద లెక్క. ఇంకో కార్డు తెచ్చి గీత గియ్యి" అన్నారు. కార్డులమ్మే కొట్టు చుట్టూ బురద, పాములున్నాయన్నారు. నాకు బద్ధకం, విసుగు. వీధి చివరిదాకా వెళ్లి అదే కార్డు డబ్బాలో పడేసి వచ్చాను. "మార్చావా?" అన్నారు. "మార్చాను నాన్నా" అన్నాను. "మా తల్లే" అని కళ్లు మూసుకున్నారు. నాలుగోనాడు పోయారు.

మర్చిపోయానని చెప్పను. అప్పుడప్పుడు గుర్తొచ్చేది. ఎవరో రాళ్లాయన, చూసి నవ్వుకుని ఉంటాడులే అనుకునేదాన్ని. ఇరవయ్యొక్క ఏళ్లు తల దించుకున్నాడని నీ ఉత్తరం చదివాకే తెలిసింది. మీ బావగారితో కూడా చెప్పలేదు, నీకే మొదట రాస్తున్నాను.

ఆ మెట్లు అవేరా. మళ్లీ ఎవరూ కట్టలేదు. నిన్న వెళ్లి చూసొచ్చాను, బట్టలుతికేవాళ్లు ఉతుకుతూనే ఉన్నారు. ఈ ఉత్తరం అందిన పూటే వెళ్లి మొగిలిగారికి నాన్న పోయారని చెప్పు. ఆయన రాయి కదల్లేదని, నాన్న ఆ సంతోషంతోనే పోయారని చెప్పు. ఎంత ఏడిస్తే అంత ఏడవనీ, పక్కనే కూర్చో. ఆ తర్వాత బండెక్కించు. స్టేషనుకి నేనే వెళ్తాను.

ఆ ఇంటూ ఎవరు పెట్టారని అడుగుతాడు. నా పేరు చెప్పకు. నాన్న దగ్గర ఒప్పుకోలేకపోయాను, ఆయన దగ్గరైనా నా నోటితో నేనే ఒప్పుకోవాలి. తిడితే తిట్టనీ. తిట్టించుకోవడానికే రమ్మంటున్నాను.

నీ అక్క,
సుబ్బలక్ష్మి