చేని జప్తు, బావ గొంతు

కోవిల్పట్టి

అమ్మ పాదాలకు నీ కొడుకు చిన్నసామి దండం పెట్టి రాసుకునే సంగతులు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను, దిగులు పడవద్దు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? అక్క, పిల్లలు కులాసాయేనా? ఈ ఉత్తరం నీకు చదివి వినిపిస్తున్న బావగారు కూడా కులాసాగానే ఉండి ఉంటారు. మన వీధిలో తెలుగు మాట్లాడని ఇల్లు లేదు, బడిలో నేర్పేది అరవమే గనుక తెలుగు చదవగలిగిన మనిషి మాత్రం ఆయన తప్ప లేడు. నా ఖర్మ. బావా, ఈ మాట మింగేయకుండా చదవండి.

పత్తి మిల్లులో పని జోరుగా ఉంది. తుమ్మితే ముక్కులోంచి దూది వస్తోంది. ఎండ మండిపోతోంది. పూటకూళ్ళ ఇంట్లో సాంబారు నీళ్ళనీళ్ళగా ఉంటుంది. చుట్టూ అంతా అరవమే, మన మాట వినపడితే ప్రాణం లేచొస్తుంది. అయినా నేను బాగానే ఉన్నాను.

నువ్వు పోయిన నెల రాయించిన ఉత్తరం అందింది. చేలో బావి తవ్వించడానికి అప్పు అడగబోతే, ఆ చేను ఇంకా సర్కారు జప్తులోనే ఉందని తిప్పి పంపారని తెలిసి బాధపడ్డాను. అబద్ధమెందుకు, లోలోపల సంతోషించాను కూడా. నాన్న పోయాక నిలిచిపోయిన శిస్తును కిందటేడు బావ కట్టి, జప్తు గుర్తుగా చేలో పాతిన ఎర్రగుడ్డ కొయ్యను పీకి భుజాన వేసుకుని వస్తే, నువ్వు హారతిచ్చి, కోడిని కోసి వండిపెట్టావట. ఆ సంగతి నాకు రాసింది ఎవరు? ఆయనే! తన చేత్తో, రెండు పేజీలు! ఆ కోడికూర తిన్నది ఆయన, కడుపు మండింది నాకు.

చేను ఈ తాలూకాలో పడింది గనుక సెలవు పెట్టి నేనే రికార్డు గదికి వెళ్ళాను. రుసుం కడితే ఎవరి చేను సంగతైనా ఎవరైనా చూడవచ్చట. కొడుకు కానక్కర్లేదు, అల్లుడూ కానక్కర్లేదు. అక్కడి గుమాస్తా ఏళాయిరంపన్నై వైపు మనిషి, మనవాడే. పుస్తకం తిప్పి నవ్వాడు.

"ఏమి తంబీ, కొయ్య పీకితే జప్తు పోయిందనుకొన్నారా?"

"పీకింది మా బావండి, నేను గాదు."

"ఎవురు పీకితే ఏమి? బాకీ తీరింది, జప్తు ఎత్తేయండని అర్జీ పెట్టాల. తాలూకా ఆఫీసులో ఉత్తర్వు వాంగుకొని ఈడికి తెస్తే కొట్టేస్తాము. జప్తు చేసేదానికి తప్పెట కొడతారు గాని, విడిచేదానికి ఎవురూ కొట్టరు. మీరే వచ్చి చూసుకోవాల."

అర్జీతో పాటు శిస్తు కట్టిన రసీదు కావాలన్నారు. అడగగానే బావ టపాలో పంపారు. ఈ మాట నేనే రాసేస్తున్నాను, లేకపోతే ఆయనే మధ్యలో కలిపి చదువుతారు. తాలూకా ఆఫీసు చుట్టూ తిరిగి, సెలవులు పెట్టినందుకు మిల్లు మేస్త్రీ చేత తిట్లు తిని, చివరికి ఉత్తర్వు సంపాదించాను. గుమాస్తా నా కళ్ళముందే మన చేని జప్తు మీద ఎర్రసిరాతో గీత కొట్టాడు. బయటికి వచ్చి వేపచెట్టు కింద ఒక్కడినే నిలబడ్డాను. హారతి లేదు, కోడీ లేదు. ఒక సోడా కొనుక్కుని తాగాను.

అమ్మా, ఇక బావి తవ్వించుకో. కానీ రాస్తుంటే ఒక్కటి తట్టింది. నా కష్టమంతా ఎంత రాసినా, అది నీ చెవిన పడేది బావ గొంతులోనే. నువ్వు తల ఎత్తి చూసేదీ ఆయన మొహాన్నే. నా గొంతు నీకు గుర్తుందా?

అందుకే జప్తు విడుదల ఉత్తర్వు నకలు ఈ కవరులో వెతకవద్దు. అది ఇంగ్లీషులో ఉంది, బావకు రాదు. నాకూ రాదనుకో. గుమాస్తా చెబుతుంటే కంఠతా పట్టాను. వచ్చే ఆదివారం నేనే తెస్తాను, నీ పక్కన కూర్చుని నేనే చదువుతాను. నాకోసం ఇంకో కోడిని అంతదాకా మేపు. తిరిగి వచ్చేటప్పుడు కాస్త నువ్వులపొడి కట్టివ్వు.

అక్కకు, పెద్దవాళ్ళందరికీ నా దండాలు. పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
నీ దీవెన ముందుగా తనకే కావాలనే కొడుకు,
చిన్నసామి

బావా, సంతకం కూడా గట్టిగా చదవండి.