సిరాతో రాసిన డిగ్రీ లెక్క

మార్చి 5, బూడిద బుధవారం. ఉదయం 7:50

చర్చిలో నుదుటి మీద పెట్టిన బూడిద ఇంకా చెరగలేదు. ఈస్టర్‌కు ముందు నలభై రోజులు ఇష్టమైనదేదో మానుకునే ఈ తపస్సు కాలంలో చాక్లెట్ మానను. ఏటా మానేదాన్నే, ఏటా మూడో వారానికి అల్మరా దగ్గర దొరికిపోయేదాన్నే. ఈసారి నలభై రోజుల్లో ఒక లెక్క తేలుస్తాను. యాభై ఒకటో ఏట, అప్పు చేసి, ఆసుపత్రి నిర్వహణలో రెండేళ్ల డిగ్రీ చదవవచ్చా, కూడదా?

నియమాలు:
1. అంతా సిరాతోనే. రాసిన అంకె దిద్దను. పెన్సిల్ ముట్టను.
2. ఈస్టర్ దాకా ఎక్కడా సంతకం పెట్టను.
3. కాజ్‌కి చెప్పను. మా ఆయన పెళ్లికి ముందు అప్పు చేసి ఫ్రిజ్‌ల రిపేరు కోర్సులో చేరాడు. సగంలో మానేశాడు. అప్పు మాత్రం పద్నాలుగేళ్లు కట్టాడు. మా ఇంట్లో భోజనాల దగ్గర 'కోర్సు' అనే మాట ఎత్తం.

ఇరవై ఆరేళ్లుగా ఇంటి పద్దు రాస్తున్నాను. ఒక్క సెంటు తేడా రాలేదు. రాబడి గడిలో ఇన్నేళ్లూ ఒకటే పేరు: కాజ్. ఈ లెక్క నాకెంత!

మార్చి 7, శుక్రవారం

చర్చి హాల్లో శుక్రవారం చేపల వేపుడు విందు. పక్కన ఆడపడుచు డోలొరెస్. ఆసుపత్రిలో రోగుల పేర్లు రాసుకునే కౌంటరుకు ఆవిడే పెద్ద. కాజ్‌కి చెప్పకూడదని రాసుకున్నాను కానీ వాళ్లక్కకు చెప్పకూడదని రాసుకోలేదు. చెప్పేశాను.

"రెండేళ్లలో నేను దిగిపోతాను లొరెట్టా. నా కుర్చీ నీకే రావాలి. కానీ దానికి ఇప్పుడు డిగ్రీ కావాలంటున్నారు. నాకే లేదు! రేపు నా ఉద్యోగానికి నేనే దరఖాస్తు పెడితే గుమ్మంలోనే ఆపేస్తారు."

"మరి ఇన్నేళ్లు ఎలా చేశావు వదినా?"

"అడిగిన వాడు లేక!" అంటూ నా పళ్లెంలోని చేపముక్క లాక్కుంది.

వదిన చెప్పిన జీతాలు సిరాతో రాశాను. ఆ కౌంటరులో డిగ్రీ లేని గుమాస్తాకు గంటకు 17.50 డాలర్లు. డిగ్రీ ఉన్న పెద్దకు 19.25.

మార్చి 11, మంగళవారం. 10:15

ఇంట్లో కూర్చుని చదువుకునే ఆన్‌లైన్ కాలేజీ నుంచి ట్రెవర్ అనే కుర్రాడు ఫోన్ చేశాడు.

"ఈ డిగ్రీతో ఏడాదికి నలభై వేలు మేడమ్!"

"డిగ్రీ లేకపోయినా ముప్పై ఆరు వేల నాలుగు వందలు వస్తాయి కదా బాబూ. అంటే నీ డిగ్రీ తెచ్చేది మూడు వేల ఆరు వందల చిల్లర."

"మీరు ఇదివరకు బ్యాంకులో చేశారా?"

అప్పు 27,800. పదేళ్ల పాటు ఏటా వాయిదా 3,790. పన్నులు పోను డిగ్రీ వల్ల పెరిగేది 2,900. అంటే పట్టా గోడకు తగిలించుకున్నందుకు ఏటా 890 డాలర్లు నేనే ఎదురు కట్టాలి.

సిరాలో ఈ అంకె మరీ మొరటుగా కనిపిస్తోంది.

మార్చి 20, గురువారం. 2:30

పెన్సిల్ పట్టాను. కానీ పెన్సిల్‌తో రాసింది అంకె కాదు, ఆలోచన.

చలికాలంలో హీటరు తగ్గిస్తే: 140
జుట్టు వదిన కత్తిరిస్తే: 180
బయట కాఫీ మానేస్తే: 260
ఇంకా 310 కావాలి. ఎక్కడా? ఎక్కడా?
కాజ్ గురువారం బౌలింగ్ ఆట మానేస్తే: 310!

890కి 890. దేవుడున్నాడు!

మార్చి 28, శుక్రవారం

వదిన జుట్టు కత్తిరించింది. ఎడమవైపు చెవి పైకి, కుడివైపు భుజం దాకా.

"తల కదిపావు నువ్వు!"

"తుమ్మాను వదినా!"

రుమాలు కట్టుకుని చేపల వేపుడుకు వెళ్లాను. ఆ 180 మళ్లీ ఖర్చులో వేయాలి. వేయలేదు. వైట్‌నర్ కొన్నాను. 3 డాలర్లు. ఏ పద్దులోనూ చూపలేదు.

ఏప్రిల్ 8, మంగళవారం

మళ్లీ ట్రెవర్. ఏ డిగ్రీ చదివావని అడిగాను. ఇదే డిగ్రీ అట. అప్పు 31,000. జీతం గంటకు 16. నలభై నిమిషాలు వాడి లెక్కలన్నీ వేసి పెట్టాను.

"మేడమ్, ఈ ఫోన్ రికార్డవుతోంది."

"మంచిది. మీ పైఅధికారి కూడా నేర్చుకుంటాడు."

ఇంత తెలిసీ వాడు పంపిన ఫారం మొత్తం నింపాను. సంతకం గడిలో పేరు రాశాను. పేరు వేరు, సంతకం వేరు. 'పంపు' నొక్కలేదు. వేలు మాత్రం దాని మీదే ఉంది.

ఏప్రిల్ 19, పవిత్ర శనివారం. 11:00

ఈస్టర్ తిండి బుట్టను చర్చికి దీవెనకు తీసుకెళ్లాలి. గుడ్లు, సాసేజ్, వెన్నతో మలిచిన గొర్రెపిల్ల బొమ్మ సిద్ధం. బుట్ట మీద కప్పే గుడ్డ కోసం కాజ్ సొరుగు తెరిచాడు. గుడ్డ కింద నా పుస్తకం.

"ఏమోయ్, నా బౌలింగ్ మానేస్తే 310 అని ఉందేంటి?"

"అది అంకె కాదు. ఆలోచన."

"నేను పద్నాలుగేళ్లు అప్పు కట్టినప్పుడు కూడా నా బౌలింగ్ జోలికి రాలేదు నువ్వు!"

కూర్చుని ప్రతి పేజీ చదివాడు. ఆ 890 మీద నేను వైట్‌నర్ పూసిన చోట వెలుతురుకు పట్టి మరీ చదివాడు. వెన్న గొర్రెపిల్ల చెవి వాలిపోతోంది.

"నేను లెక్క వేయకుండా మునిగాను. నువ్వు లెక్క వేసి మరీ మునుగుతున్నావు. అంత కావాలా నీకు ఆ కుర్చీ?"

"కుర్చీ కాదు. రాబడి గడిలో నా పేరు రాసుకోవాలి. ఒక్కసారైనా."

కాజ్ పుస్తకం వెనక్కి తిప్పి మార్చి 7 దగ్గర వేలు పెట్టాడు. "డిగ్రీ లేకుండా పదిహేడున్నర. నువ్వే రాశావు. సిరాతో. దీనికేం తక్కువ?"

నలభై రోజులూ ఆ అంకెను తీసివేతకే వాడాను. ఒక్కసారీ దాని ముఖం చూడలేదు.

"ముందు నా బౌలింగ్ తిరిగి రాయి," అంటూ గొర్రెపిల్ల చెవి వేలితో నిలబెట్టాడు.

ఏప్రిల్ 21, సోమవారం. ఉదయం 9:00

ట్రెవర్ ఫారం చెరిపేశాను. వదిన కౌంటరులో గుమాస్తా ఉద్యోగానికి దరఖాస్తు పంపాను. ఆ జీతం వస్తే ఊళ్లో కాలేజీలో ఒక్కో సబ్జెక్టూ చదువుతాను, అప్పు లేకుండా. వదిన కుర్చీ అప్పటికి ఎవరిదవుతుందో!

కొత్త పుస్తకం. కొత్త నియమాలు: అంతా సిరాతోనే. దిద్దను. వైట్‌నర్ చెత్తబుట్టలో వేశాను. పెన్సిల్ కాజ్‌కి ఇచ్చేశాను, బౌలింగ్ స్కోరు రాసుకుంటాడట.

9:40

పెన్సిల్ వెనక్కి అడిగి తెచ్చుకున్నాను. ఒక్క గడి కోసమే.

రాబడి: లొరెట్టా, గంటకు 17.50.

ఇంటర్వ్యూ గురువారమట, వదిన ఇప్పుడే ఫోన్ చేసి చెప్పింది. అప్పటిదాకా ఇది ఆలోచనే కదా.